అవ్యక్త ప్రమేయాల అవకలనం: ఒక చారిత్రక పరిచయం

లక్ష్యాలు

ఈ వ్యాసం చదివిన తరవాత మీరు ఈ పనులు చేయగలగాలి: అవ్యక్త ప్రమేయం అంటే ఏమిటో చెప్పగలగాలి, దాన్ని అవకలనం చేసేటప్పుడు y ఉన్న ప్రతి పదం వెంట dy/dx ఎందుకు వస్తుందో కారణంతో సహా వివరించగలగాలి, ఈ పద్ధతి ఎవరి చేతుల్లో, ఏ అవసరం కోసం పుట్టిందో తెలుసుకోవాలి.

1. ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న

నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల అధ్యయన కేంద్రాలకు ఆదివారాలు వెళ్ళి గణితం తరగతులు చెప్పేవాణ్ణి. బొగ్గు గనులున్న ఒక పట్టణంలో ఒకసారి x² + y² = 25 అనే వృత్తానికి స్పర్శరేఖ వాలు కనుక్కోవడం చూపిస్తున్నాను. నల్లబల్ల మీద ఇలా రాశాను:

2x + 2y (dy/dx) = 0

రాత్రి షిఫ్టు ముగించుకుని నేరుగా తరగతికి వచ్చిన ఒక విద్యార్థి లేచి అడిగాడు: "సార్, y కే ఎందుకు తోక తగిలిస్తున్నరు? x ఏం పాపం చేసింది?" తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వి, "అది గొలుసు సూత్రం, రాసుకో" అన్నాను. ఆయన రాసుకున్నాడు. తరవాతి తరగతులకు మళ్ళీ కనిపించలేదు. షిఫ్టు మారిందో, చదువే మానేశాడో నాకు తెలియలేదు.

నేను చెప్పిన జవాబులో తప్పు లేదు. కాని అది ఆయన అడిగినదానికి జవాబు కాదు. రెండు చలరాశులూ ఒకే సమీకరణంలో పక్కపక్కన సమాన హోదాలో ఉన్నప్పుడు ఒకదానికి ఒక న్యాయం, మరొకదానికి ఇంకో న్యాయం ఎందుకని ఆయన అడిగాడు. ఆ ప్రశ్నకు సరైన జవాబు చరిత్రలో ఉంది. ఆ చరిత్ర చదివాక నాకు తెలిసిందేమంటే, మొదట్లో x కు కూడా తోక ఉండేది. అది ఎక్కడ, ఎలా పోయిందో చూద్దాం.

2. వ్యక్తం, అవ్యక్తం

y = x² + 3x అని రాసినప్పుడు x విలువ ఇస్తే y విలువ సూటిగా వస్తుంది. ఇది వ్యక్త ప్రమేయం. x² + y² = 25 అన్నప్పుడు y ఎంతో సమీకరణం విడిగా చెప్పదు; x, y ల మధ్య ఉన్న సంబంధాన్ని మాత్రమే చెబుతుంది. y ఆ సంబంధంలో దాగి ఉంది. ఇంగ్లీషు పుస్తకాలు ఇంప్లిసిట్ ఫంక్షన్ అనే ఈ రకాన్ని మనం ఇక్కడ అవ్యక్త ప్రమేయం అందాం.

వృత్తం విషయంలో y ని బయటికి తీయడం కష్టం కాదు. పై సగానికి y = √(25 − x²), కింది సగానికి y = −√(25 − x²). కాని రెండు సగాలకూ విడివిడిగా అవకలనం చేయాలి. అవ్యక్త పద్ధతిలో ఒక్కసారి చేస్తే చాలు: dy/dx = −x/y. (3, 4) వద్ద వాలు −3/4; (3, −4) వద్ద 3/4. ఒకే సూత్రం రెండు సగాలకూ సరిపోయింది.

పాఠ్యపుస్తకాల్లో వ్యక్త ప్రమేయాలు ముందు, అవ్యక్త ప్రమేయాలు అధ్యాయం చివర వస్తాయి. అందువల్ల ఇది ఎవరో తరవాత కనిపెట్టిన ఉపాయమని విద్యార్థులు అనుకుంటారు. చరిత్రలో జరిగింది ఇందుకు పూర్తిగా తలకిందులు.

3. ఆకు ఆకారపు వక్రం

కరీంనగర్ వెండి ఫిలిగ్రీ పని మీరు చూసే ఉంటారు. సన్నని వెండి తీగను వంచి, మెలితిప్పి ఆకులు, పువ్వులు అల్లుతారు. తీగ ఒక ఆకు చుట్టూ తిరిగి తన మీదుగా తానే దాటుకుని వెళుతుంది. అలాంటి ఆకును గ్రాఫు కాగితం మీద పెడితే ఒకే x విలువకు రెండు మూడు y విలువలు వస్తాయి. దాన్ని y = అంటూ ఒక్క సూత్రంలో చెప్పలేం. అయినా తీగ మీద ప్రతి బిందువు దగ్గరా తీగ ఏ దిక్కుకు పోతున్నదో పనివాడి వేళ్ళకు తెలుసు.

పదిహేడో శతాబ్దపు ఫ్రాన్స్‌లో పెద్ద వివాదానికి కారణమైన వక్రం ఆకారంలో ఇలాంటిదే. రెనె డెకార్ట్ 1637లో తన జ్యామితి గ్రంథాన్ని ప్రచురించి, వక్రాలను సమీకరణాలతో చెప్పే మార్గం చూపించాడు. అదే కాలంలో తులూజ్ నగరంలో న్యాయాధికారిగా ఉన్న పియర్ ఫెర్మా, గరిష్ఠ కనిష్ఠాలను, స్పర్శరేఖలను కనుక్కునే సొంత పద్ధతిని తయారుచేశాడు. ఈ ఇద్దరి మధ్య ఉత్తరాలు పారిస్‌లోని మెర్సెన్ అనే మతాచార్యుని ద్వారా నడిచేవి. ఒక విధంగా కలనగణితం తొలి పాఠాలన్నీ తపాలా ద్వారానే జరిగాయని చెప్పవచ్చు.

ఫెర్మా పద్ధతి సులభమైన వక్రాలకే పనికొస్తుందని డెకార్ట్ అభిప్రాయం. దాన్ని నిరూపించడానికి 1638లో మెర్సెన్‌కు రాసిన ఉత్తరంలో ఒక వక్రాన్ని సవాలుగా పంపాడు. మన గుర్తుల్లో అది x³ + y³ = 3axy. లాటిన్‌లో ఫోలియం అంటే ఆకు కాబట్టి దాన్ని డెకార్ట్ ఫోలియం అంటారు. ఇక్కడ y ని విడదీయాలంటే ఘన సమీకరణాన్ని సాధించాలి. వచ్చే సమాసం చాలా జటిలంగా ఉంటుంది. ఫెర్మా y ని విడదీయలేదు. x, y రెండింటినీ కలిపి కొద్దిగా కదిలించి, సమీకరణం చెడకుండా ఉండాలంటే ఆ రెండు కదలికల మధ్య ఏ నిష్పత్తి ఉండాలో లెక్కగట్టాడు. స్పర్శరేఖ వచ్చింది.

a = 2 తీసుకుని మనమూ చేద్దాం. x³ + y³ = 6xy. నేటి పద్ధతిలో:

3x² + 3y² (dy/dx) = 6y + 6x (dy/dx)

కాబట్టి dy/dx = (2y − x²)/(y² − 2x).

(3, 3) బిందువు వక్రం మీద ఉంది: 27 + 27 = 54, 6 × 9 = 54. అక్కడ వాలు (6 − 9)/(9 − 6) = −1. ఆకు కొసన తీగ సరిగ్గా 45 డిగ్రీల కోణంలో కిందికి దిగుతోంది. (4/3, 8/3) కూడా వక్రం మీదిదే; అక్కడ వాలు 4/5. మీరే సరిచూడండి.

4. స్లూజ్, న్యూటన్: రెండు తోకలు

ఫెర్మా తరవాత ఈ పనిని ఒక యాంత్రిక సూత్రంగా మార్చినవారిలో బెల్జియంలోని లియేజ్ నగర మతాచార్యుడు రెనె ఫ్రాన్స్వా ద స్లూజ్ ఒకడు. ఆయన సూత్రం 1673లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. సమీకరణంలోని పదాలన్నిటినీ ఒకవైపు తెచ్చి, x ఘాతాలతో ఒకసారి, y ఘాతాలతో మరొకసారి గుణించి, ఆ రెంటి నిష్పత్తి తీసుకుంటే చాలు. మన వక్రానికి x వైపు నుంచి 3x² − 6y, y వైపు నుంచి 3y² − 6x వస్తాయి. మొదటిదాన్ని రెండోదానితో భాగించి రుణ గుర్తు పెడితే మనకు పైన వచ్చిన జవాబే వస్తుంది. ఆంశిక అవకలజాల పాఠంలో మీరు నేర్చుకునే సూత్రం ఇదే. స్లూజ్ నాటికి అవకలజం అనే మాటే లేదు.

ఇదే సమయంలో ఇంగ్లండ్‌లో ఐజాక్ న్యూటన్ కూడా ఇదే చోటికి చేరుకున్నాడు. 1672 డిసెంబరు 10న జాన్ కాలిన్స్‌కు రాసిన ఉత్తరంలో x, y కలగలిసిన ఒక ఘన సమీకరణాన్ని తీసుకుని స్పర్శరేఖ గీసే విధానం చెప్పాడు. అంతకు ముందు ఏడాది, అంటే 1671లో, ప్రవాహాల పద్ధతి మీద ఆయన ఒక గ్రంథం రాశాడు. అది ఆయన బతికి ఉండగా అచ్చు కాలేదు; 1736లో జాన్ కాల్సన్ ఇంగ్లీషు అనువాదంగా వెలువడింది. అందులో మొదటి సమస్యే ఇది: ప్రవహించే రాశుల మధ్య సంబంధం ఇస్తే, వాటి వేగాల మధ్య సంబంధం కనుక్కోవాలి. మొదటి ఉదాహరణ x³ − ax² + axy − y³ = 0.

విద్యార్థులు ఇక్కడ ఆగి గమనించాలి. న్యూటన్ కలనగణితం y = తో మొదలు కాలేదు. మన పుస్తకంలో అధ్యాయం చివర వచ్చే సమస్య ఆయన పుస్తకంలో మొదటి పుటల్లో ఉంది.

న్యూటన్ ఆలోచన ప్రకారం x, y రెండూ కాలంతోపాటు ప్రవహిస్తాయి. గోదావరిలో నీటిమట్టం, ప్రవాహ వెడల్పు రెండూ కాలంతో మారుతున్నట్టు ఊహించండి. ఏదీ రెండోదానికి యజమాని కాదు. కాబట్టి రెండింటికీ వేగాలున్నాయి. తరవాతి కాలంలో ఆయన వాటిని పైన చుక్కతో ẋ, ẏ అని రాశాడు. మన ఆకు వక్రానికి ఆ పద్ధతిలో రాస్తే:

3x²ẋ + 3y²ẏ = 6yẋ + 6xẏ

చూడండి, ఇక్కడ x కూ తోక ఉంది, y కూ తోక ఉంది. ఇప్పుడు రెండు వైపులా ẋ తో భాగించండి. x వెంట ఉన్న ẋ/ẋ అంటే 1. అది కనిపించకుండా పోతుంది. y వెంట ఉన్నది ẏ/ẋ అవుతుంది. అదే మన dy/dx. ఇదీ ఆ విద్యార్థికి నేను ఇవ్వాల్సిన జవాబు. x ఏ పాపమూ చేయలేదు. కొలబద్దగా x ని మనమే ఎంచుకున్నాం. గజంబద్దను గజంబద్దతోనే కొలిస్తే ఒక గజమే వస్తుంది. దాన్ని రాయాల్సిన పని లేదు. రేపు y ని కొలబద్దగా ఎంచుకుంటే తోక x కే వస్తుంది, y తోక మాయమవుతుంది.

పరీక్షల్లో ఎక్కువగా కనిపించే తప్పు ఇక్కడే జరుగుతుంది. 3y² రాసి dy/dx మరచిపోతారు. లేదా 6xy ని అవకలనం చేసి 6y అని మాత్రమే రాసి వదిలేస్తారు. x, y రెండూ కదులుతున్నాయని గుర్తుంటే, లబ్ధంలో రెండు కదలికలకూ చెరొక పదం రావాలని వెంటనే తోస్తుంది.

5. లైబ్నిజ్ గుర్తులు

మనం వాడే dx, dy గుర్తులు జర్మన్ తత్త్వవేత్త లైబ్నిజ్‌వి. 1684లో లైప్‌జిగ్ నుంచి వెలువడే ఆక్టా ఎరుడిటోరుం పత్రికలో ఆయన ప్రచురించిన చిన్న వ్యాసం కలనగణితం మీద అచ్చయిన తొలి రచన. కూడిక, లబ్ధం, భాగహారం, ఘాతం, మూలం: వీటికి నియమాలు అందులో ఉన్నాయి. లబ్ధ నియమం d(xy) = x dy + y dx. ఇందులోనూ x, y లకు సమాన హోదాయే. ఆ వ్యాసంలో ఆయన ఇచ్చిన ఒక ఉదాహరణలో x, y రెండూ భిన్నాల్లోనూ వర్గమూలాల్లోనూ చిక్కుకుని ఉంటాయి. y ని విడదీసే ప్రయత్నం చేయకుండా, పదం తరవాత పదం నియమాలు వర్తింపజేసి dx, dy ల నిష్పత్తికి వచ్చాడు. ఇతర పద్ధతులు తడబడే చోట కూడా తన పద్ధతి నడుస్తుందని చూపించడమే ఆ ఉదాహరణ ఉద్దేశం.

6. ప్రమేయం వెనక వచ్చింది

ఒక రాశి మరొక రాశి మీద ఆధారపడి ఉంటుందన్న ప్రమేయ భావన పద్దెనిమిదో శతాబ్దంలో స్థిరపడింది. లియొనార్డ్ ఆయిలర్ 1748లో ప్రచురించిన గ్రంథంలో ప్రమేయాన్ని విశ్లేషణ గణితానికి కేంద్రంగా పెట్టాడు. వ్యక్త, అవ్యక్త అనే విభజన కూడా అక్కడే చేశాడు. కొన్ని సమీకరణాల నుంచి y ని మూలాల గుర్తులతో బయటికి తీయలేకపోవడానికి బీజగణితం ఇంకా అంత పరిణతి పొందకపోవడమే కారణమని ఆయన భావించాడు. లోపం పరిణతిది కాదని 1824లో నార్వే యువకుడు నీల్స్ ఏబెల్ నిరూపించాడు: అయిదో తరగతి సాధారణ సమీకరణాన్ని మూలాల గుర్తులతో సాధించడం అసలు సాధ్యమే కాదు.

దీని అర్థం మీకు ఒక ఉదాహరణతో తెలుస్తుంది. y⁵ + y = x తీసుకోండి. ఇక్కడ y ని మూలాల గుర్తులతో x లో రాయడం ఎవరివల్లా కాదు. కాని వాలు కనుక్కోవడానికి ఒక్క వరుస చాలు: dy/dx = 1/(5y⁴ + 1). (2, 1) వద్ద అది 1/6. y సూత్రం తెలియకపోయినా y మార్పు రేటు తెలిసింది. అవ్యక్త అవకలనం అవసరం ఇక్కడ పూర్తిగా బయటపడుతుంది. ఇది శ్రమ తగ్గించే ఉపాయం మాత్రమే కాదు. చాలా చోట్ల ఇది తప్ప వేరే దారి లేదు.

మరి ఈ పద్ధతి ఎప్పుడూ చెల్లుతుందా? ఆకు వక్రంలో (0, 0) వద్ద మన సూత్రం 0/0 ఇస్తుంది. తీగ తనను తానే దాటే చోటు అదే. అక్కడ ఒక స్పర్శరేఖ కాదు, రెండు ఉన్నాయి: x అక్షం, y అక్షం. ఏ షరతు ఉంటే సంబంధం నుంచి y ఒకే ప్రమేయంగా వస్తుందో కచ్చితంగా తేల్చినవాడు ఇటలీకి చెందిన ఉలిస్సె డీని. 1877–78లో పీసా విశ్వవిద్యాలయ ఉపన్యాసాల్లో ఆయన ఇచ్చిన సిద్ధాంతమే నేటి అవ్యక్త ప్రమేయ సిద్ధాంతం. స్లూజ్ సూత్రంలో హారం, అంటే y వైపు నుంచి వచ్చిన సమాసం, సున్నా కాకూడదన్నది అందులోని ప్రధాన షరతు.

7. మన దేశంలో

అవ్యక్తం అనే మాట మన గణితానికి కొత్త కాదు. 1150లో సిద్ధాంత శిరోమణి రచించిన భాస్కరాచార్యుని సంప్రదాయంలో అంకగణితం వ్యక్త గణితం, బీజగణితం అవ్యక్త గణితం. విలువ తెలియని రాశే అవ్యక్తం. గ్రహాల గతిని లెక్కించేటప్పుడు భాస్కరుడు తాత్కాలిక గతిని, అంటే ఆ క్షణపు వేగాన్ని, సైన్ కొసైన్‌ల సంబంధంతో చెప్పాడు. 1500 ప్రాంతంలో కేరళకు చెందిన నీలకంఠ సోమయాజి తంత్రసంగ్రహంలో గ్రహ వేగానికి ఇచ్చిన సూత్రంలో విలోమ సైన్ మార్పు రేటు ఇమిడి ఉంది. నేడు మనం విలోమ సైన్ అవకలజాన్ని రాబట్టేది అవ్యక్త పద్ధతిలోనే. అయితే వక్రాలన్నిటికీ వర్తించే సాధారణ సూత్రం మాత్రం పైన చెప్పిన యూరప్ మార్గంలోనే మన పుస్తకాలకు చేరింది.

తెలుగులోనూ గణిత రచన పాతదే. మహావీరాచార్యుని గణితసార సంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. కాని ఆధునిక గణితం కరీంనగర్, ఆదిలాబాద్ విద్యార్థికి తెలుగులో అందడానికి చాలా కాలం పట్టింది. ఈ జిల్లాలు 1948 వరకు నిజాం పాలనలోని హైదరాబాద్ రాజ్యంలో ఉండేవి. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో మాధ్యమం ఉర్దూ. దానికోసం ఏర్పడిన అనువాద సంస్థ గణితం, విజ్ఞానశాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది. ఒక భారతీయ భాషలో ఉన్నత గణితం చెప్పవచ్చని ఆ ప్రయత్నం నిరూపించింది. ఆ విశ్వవిద్యాలయంలో చదివిన రజీయుద్దీన్ సిద్దిఖీ కేంబ్రిడ్జిలోనూ లైప్‌జిగ్‌లోనూ పైచదువులు చదివి, తిరిగివచ్చి ఉస్మానియాలోనే గణితం బోధించాడు. కాని ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడికి ఆ ఉర్దూ కూడా కష్టపడి నేర్చుకోవలసిన భాషే.

1968లో తెలుగు అకాడమీ ఏర్పడింది. దాని తొలి అధ్యక్షుడు, నాటి విద్యామంత్రి పి.వి. నరసింహారావు. ఆయన స్వగ్రామం వంగర అప్పట్లో కరీంనగర్ జిల్లాలోనిది. శాసనసభలో ఆయన నియోజకవర్గం మంథని. ప్రమేయం, అవధి, అవకలనం, సమాకలనం వంటి మాటలు అకాడమీ పుస్తకాల ద్వారానే మన తరగతి గదుల్లో స్థిరపడ్డాయి. 1982లో సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది. దాని తొలి ఉపకులపతి ఆచార్య జి. రాంరెడ్డి కూడా కరీంనగర్ జిల్లావారే. గనిలో, పొలంలో, బీడీల కార్ఖానాలో పనిచేస్తూ డిగ్రీ చదవడం అప్పుడు సాధ్యమైంది.

పని పూర్తయిందని మాత్రం అనలేం. ఆదిలాబాద్ అడవుల్లో పుట్టిన గోండు విద్యార్థికి తెలుగు కూడా రెండో భాషే. 1943లో హైమన్‌డార్ఫ్ ప్రోత్సాహంతో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం తెరిచి, గోండి భాషలో వాచకాలు తయారుచేశారు. ఆ పని అవకలనం దాకా రాలేదు. మన మాట ఎదుటివారికి అందిందో లేదో బోధించేవారు ఎప్పుడూ చూసుకోవాలి. "అది సూత్రం, రాసుకో" అనడం ఏ భాషలో అన్నా బోధన కాదు. నేను తెలుగులోనే అన్నాను. అయినా ఆ విద్యార్థికి ఏమీ అందలేదు.

8. సారాంశం

అవ్యక్త అవకలనం కలనగణితానికి చివర చేర్చిన ఉపాయం కాదు. ఫెర్మా, స్లూజ్, న్యూటన్, లైబ్నిజ్ అందరూ x, y ల సంబంధంతోనే పని మొదలుపెట్టారు. y = అనే వ్యక్త రూపానికి ప్రాధాన్యం ప్రమేయ భావనతోపాటు తరవాత వచ్చింది. సంబంధంలో రెండు రాశులూ కదులుతాయి, రెండింటికీ రేట్లు ఉంటాయి. x ని కొలబద్దగా ఎంచుకున్నందువల్ల దాని రేటు 1 అయి కనిపించదు. y రేటు dy/dx గా మిగులుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. x² + xy + y² = 7 వక్రానికి (1, 2) వద్ద స్పర్శరేఖ వాలు కనుక్కోండి. (జవాబు: −4/5)

2. అదే సమీకరణాన్ని న్యూటన్ పద్ధతిలో ẋ, ẏ లతో రాసి, తరవాత ẋ తో భాగించండి. ఏ పదం ఎక్కడ మాయమైందో మీ మాటల్లో రాయండి.

3. y⁵ + y = x లో y ని కొలబద్దగా తీసుకుని dx/dy కనుక్కోండి. పైన వచ్చిన dy/dx తో దాన్ని గుణిస్తే ఎంత వస్తుంది? (జవాబు: 1)

4. x³ + y³ = 6xy లో (0, 0) వద్ద సూత్రం ఎందుకు పనిచేయలేదో బొమ్మ గీసి వివరించండి.

రెండో ప్రశ్నను వదిలేయకండి. దాన్ని ఇంట్లోనో, పని దగ్గరో మరొకరికి నోటితో చెప్పి చూడండి. x కు తోక ఎందుకు లేదని వారు అడిగితే, మీ దగ్గర జవాబు ఉండాలి.